కుంకుమ ఎరుపు తెర మీదికి వచ్చేదాకా

రుద్రూర్ లాంటి మండల కేంద్రంలో పెళ్లి ఆల్బమ్‌లు చేసే కుర్రాడికి మంచి రంగు కావాలి, మంచి రిజల్యూషన్ కావాలి. కొత్త గ్రాఫిక్స్ కార్డు కొంటే ఆ రెండూ వస్తాయా? జేబులో చెయ్యి పెట్టే ముందు చూసుకోవాల్సినవి ఏమిటి?

మాఘమాసం మొదలైతే బోధన్–బాన్సువాడ రోడ్డు మీద ఫంక్షన్ హాళ్లకు ఖాళీ దొరకదు. పెళ్లయి వారం తిరక్కముందే ‘అన్నా, ఆల్బమ్ ఎప్పుడిస్తున్నవ్’ అని ఫోన్లు మొదలవుతాయి. రుద్రూర్, వర్ని, కోటగిరి లాంటి చోట్ల ఫోటో స్టూడియో అంటే ముందు గదిలో పాస్‌పోర్టు ఫోటోలూ జిరాక్సులూ, వెనక గదిలో ఒక కంప్యూటరూ. అసలు పనంతా ఆ వెనక గదిలోనే. వేల ఫోటోల్లోంచి కొన్ని వందలు ఏరాలి. జీలకర్ర బెల్లం నుంచి అప్పగింతల దాకా షీట్ల మీద పేర్చాలి. ముఖాల మీది నీడలు సరిచేసి ల్యాబ్‌కు పంపాలి. ల్యాబ్ నుంచి ఆల్బమ్ తిరిగొచ్చాక పెళ్లికూతురి తల్లి ముఖాల కన్నా ముందు చీర చూస్తుంది. "గిది మా చీర రంగు గాదు బిడ్డా" అన్నదంటే, రాత్రిళ్లు మేలుకుని చేసిన పనంతా ఆ ఒక్క మాట దగ్గర నిలబడిపోతుంది.

అప్పుడు ఎవరో ఒకరు సలహా చెబుతారు. "గ్రాఫిక్స్ కార్డు ఏయించరాదే. రెండు జీబీది గాదు, నాలుగు జీబీది. కలర్ మస్తుగ అస్తది." నిజామాబాద్ షాపుల్లో వినిపించే మాటే ఇది, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోనూ వినిపిస్తుంది. చెప్పేవాళ్లు మంచి మనసుతోనే చెబుతారు. ఒకప్పుడు అక్షరాలా నిజం కూడా. ఇప్పుడు మాత్రం ఆ సలహా నమ్మి వేలకు వేలు పెట్టినా చీర రంగు మారదు. ఊళ్లో స్టూడియో నడిపేవాడికి ఆ డబ్బు సీజన్ మిగులులో పెద్ద ముక్క. అందుకే ఈ లెక్కను మొదటి నుంచీ చెప్పుకోవాలి.

మెగాబైట్లు పెట్టి రంగులు కొన్న రోజులు

తెర మీద కనిపించే ప్రతి చుక్క వెనకా ఒక అంకె ఉంటుంది. ఆ అంకెలన్నీ దాచుకునే చోటు గ్రాఫిక్స్ కార్డు మీది మెమరీ. చుక్కలు ఎక్కువైతే రిజల్యూషన్ పెరుగుతుంది, ఒక్కో చుక్కకు కేటాయించే అంకె పెద్దదైతే రంగులు పెరుగుతాయి. మెమరీ బంగారంలా ఉన్న రోజుల్లో రెండూ కలిపి ఇవ్వడం ఎవరి తరమూ కాలేదు. 1981లో ఐబీఎం పీసీతో వచ్చిన సీజీఏ కార్డు 320×200 చుక్కల్లో 4 రంగులే చూపేది. 1984లో ఈజీఏ వచ్చి 16 రంగులకు ఎక్కింది. 1987 నాటి వీజీఏ 640×480 చుక్కల దాకా వెళ్లింది, అదీ 16 రంగులతోనే. 256 రంగులు కావాలంటే మళ్లీ 320×200కు దిగిపోవాలి. రంగో స్పష్టతో ఏదో ఒకటి తేల్చుకోక తప్పేది కాదు.

1990లలో సూపర్ వీజీఏ కార్డుల బేరం పూర్తిగా మెగాబైట్లలోనే సాగింది. 1024×768 తెరకు 256 రంగులు చాలనుకుంటే 768 కిలోబైట్లు, అంటే 1 ఎంబీ కార్డు సరిపోతుంది. అదే తెర మీద ఫోటో ఫోటోలా కనిపించాలంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కోదానికి 256 మెట్లు ఉండాలి. మూడూ కలిస్తే 1.67 కోట్ల రంగులు. చుక్కకు 3 బైట్ల చొప్పున దాదాపు 24 లక్షల బైట్లు పడతాయి. 2 ఎంబీ కార్డులో అవి పట్టవు, 4 ఎంబీది కొనాల్సిందే. ఎక్కువ మెమరీ అంటే ఎక్కువ రంగు అన్న నమ్మకం ఆ రోజుల్లో గట్టిపడింది. జీబీల కాలం వచ్చినా షాపు కౌంటర్ మీద ఆ నమ్మకం చెక్కు చెదరలేదు.

చుక్కల కొరత ఇంగ్లిష్ రాసేవాళ్లకన్నా మనకే ఎక్కువ బాధ పెట్టింది. సీజీఏ కార్డు ఒక్కో అక్షరాన్ని 8 చుక్కల వెడల్పు, 8 చుక్కల ఎత్తు ఉన్న గడిలో కూర్చోబెట్టేది. ఇంగ్లిష్ అక్షరం అందులో హాయిగా ఇమిడిపోతుంది. అదే గడిలో ‘స్త్రీ’ రాయాలంటే? పైన గుడిదీర్ఘం, నడుమ స, కింద త వత్తు, ఆ పక్కన ర వత్తు. ఎనిమిది వరుసల్లో ఇవన్నీ పట్టవు, పట్టించినా చదవలేం. అందుకని మన లిపుల కోసమే ఒక కార్డు తయారైంది. దాని పేరు జిస్ట్ కార్డు. 1980లలో ఐఐటీ కాన్పూర్‌లో మొదలైన పరిశోధన, 1988లో పుణె కేంద్రంగా ఏర్పడిన సీడాక్ సంస్థ చేతుల్లోకి వచ్చి సరుకుగా మారింది. పీసీలో ఆ కార్డు గుచ్చితే ఇంగ్లిష్ కోసం రాసిన ప్రోగ్రాముల్లోనే తెలుగు, హిందీ, తమిళం తెర మీద కనిపించేవి. ప్రధాన భారతీయ లిపులకు ఒకే కోడ్‌గా వచ్చిన ఇస్కీ 1991లో జాతీయ ప్రమాణమైంది. ఇవాళ ఫోన్‌లో తెలుగు టకటకా కొట్టే పిల్లలకు, అమ్మభాష తెర మీద కనిపించడానికి ఒకనాడు విడిగా కార్డు కొనాల్సి వచ్చిందంటే వింతగా ఉంటుంది. గ్రాఫిక్స్ కార్డుల చరిత్ర మొత్తంలో నాకు అన్నిటికన్నా ఆత్మీయమైనది ఆ కార్డే.

ఆ కాలంలో కార్డుకూ కార్డుకూ నిజంగానే తేడా ఉండేది. అప్పటివి పిక్చర్ ట్యూబ్ మానిటర్లు. కార్డులోని అంకెలను వోల్టేజీగా మార్చి వీజీఏ కేబుల్ గుండా పంపాలి. మార్చే చిప్ మంచిదైతే అక్షరం పదునుగా నిలబడేది, నాసిదైతే అంచులు మసకబారేవి. పేజీలు దిద్దేవాళ్లు, బొమ్మలతో పనిచేసేవాళ్లు కెనడా కంపెనీ మాట్రాక్స్ కార్డులను ఏరికోరి వాడింది అందుకే.

అంకె మారదు, దారే ఇరుకు

డీవీఐ, ఆ తర్వాత హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లేపోర్ట్ వచ్చాక వోల్టేజీగా మార్చే గొడవ పోయింది. అంకె అంకెగానే మానిటర్ దాకా వెళ్తుంది. లక్ష రూపాయల కార్డు పంపే ఎరుపు 255కూ, ప్రాసెసర్‌లోనే ఉన్న ఇంటెల్, రైజెన్ గ్రాఫిక్స్ పంపే ఎరుపు 255కూ తేడా లేదు. మెమరీ సంగతీ అంతే. 3840×2160 చుక్కల 4కే తెర నిండా బొమ్మ పరచడానికి 3.3 కోట్ల బైట్లు చాలు. 4 జీబీ కార్డులో అది వందో వంతు కూడా కాదు. మిగతా మెమరీ వేరే పనులకు ఉంది, ఆ పనుల గురించి తర్వాత చెప్పుకుందాం.

మరి రంగు ఎక్కడ పోతోంది? నిజాంసాగర్ ఆయకట్టులో వరి పండించే రుద్రూర్ రైతుకు ఈ సంగతి విడమర్చి చెప్పనక్కర్లేదు. ప్రాజెక్టు నిండా నీళ్లున్నా, తూము ఎంతుంటే మడికి అంతే పారుతుంది. కంప్యూటర్‌లో చూసుకోవాల్సిన తూములు కార్డు బయట ఉన్నాయి.

మొదటిది చేతికి తగిలేంత దగ్గర్లోనే ఉంది. క్యాబినెట్‌ను వెనక్కి తిప్పి చూడండి. పైన కీబోర్డు, మౌస్ గుచ్చే చోట మదర్‌బోర్డుకు చెందిన హెచ్‌డీఎంఐ సాకెట్ ఒకటి ఉంటుంది. దానికి జానెడు కింద, అడ్డంగా ఉన్న రేకు పట్టీలో కార్డు సాకెట్లు ఉంటాయి. కొత్త కార్డు బిగించాక చాలామంది అలవాటు కొద్దీ పాత కేబుల్‌ను పాత సాకెట్‌లోనే గుచ్చేస్తారు. తెర వెలుగుతుంది, ఫోటోషాప్ తెరుచుకుంటుంది, అంతా బాగున్నట్టే ఉంటుంది. కొత్త కార్డు మాత్రం తెరకు ఒక్క చుక్క కూడా పంపకుండా ఊరికే తిరుగుతుంటుంది. ఎన్ని క్యాబినెట్ల వెనక చూసినా ఈ పొరపాటు కనబడుతూనే ఉంటుంది. కేబుల్‌ను జానెడు కిందికి మార్చడమే దానికి మందు.

తర్వాతది కేబుల్, అది గుచ్చే పోర్టు. పాత వీజీఏ కేబుల్, దాని కోసం కన్వర్టర్ వాడుతున్నారంటే ఆ రోజే తీసేయండి, ఆ కేబుల్‌తో మళ్లీ 1990లలోకి పోయినట్టే. హెచ్‌డీఎంఐలోనూ తరాలున్నాయి. హెచ్‌డీఎంఐ 1.4 పోర్టు 4కే బొమ్మను సెకనుకు 30 సార్లే పంపగలదు, మౌస్ కదిపితే అతుక్కుంటున్నట్టు ఉంటుంది. షాపుల్లో చవగ్గా దొరికే జీటీ 710 కార్డు పరిస్థితి ఇదే. హెచ్‌డీఎంఐ 2.0 సెకనుకు 60 సార్లు పంపుతుంది గానీ, రంగుకు 8 బిట్లయితేనే పూర్తిగా పంపుతుంది. 4కే, 60 హెర్ట్‌జ్, 10 బిట్లు మూడూ అడిగితే సెకనుకు సుమారు 1,780 కోట్ల బిట్లు పారాలి. ఆ పోర్టులో పారేవి 1,440 కోట్లే. అప్పుడు డ్రైవర్ మనల్ని అడక్కుండానే రంగు సమాచారాన్ని సగానికి కోసి సర్దేస్తుంది. వెలుగునీడలు అలాగే ఉంటాయి, రంగుల అంచులు కరిగిపోతాయి. ఎర్ర బ్యానర్ మీది సన్న నీలి అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపిస్తే అనుమానించాల్సింది దీన్నే. డిస్‌ప్లేపోర్ట్ 1.4 గానీ, హెచ్‌డీఎంఐ 2.1 గానీ ఉంటే ఈ ఇబ్బంది లేదు. కార్డు పెట్టె మీద జీబీల కన్నా ముందు ఈ అంకెలు చదవాలని నేను చెప్పేది అందుకే.

ఇంకొకటి, కనిపెట్టడం కష్టం, సరిచేయడం తేలిక. హెచ్‌డీఎంఐతో తగిలించిన మానిటర్‌ను కార్డు ఒక్కోసారి టీవీ అనుకుంటుంది. టీవీ సంప్రదాయంలో నలుపు 16 దగ్గర మొదలై తెలుపు 235 దగ్గర ముగుస్తుంది, కంప్యూటర్ మానిటర్ 0 నుంచి 255 దాకా ఎదురుచూస్తుంది. దాంతో పెళ్లికొడుకు నల్ల సూటు బూడిద రంగు కొట్టినట్టు కనబడుతుంది. ఆ తెర చూసి కాంట్రాస్టు పెంచి పంపితే ప్రింటులో సూటు మసిబొగ్గులా వస్తుంది, మడతలు మాయమవుతాయి. ఎన్విడియా కార్డయితే దాని కంట్రోల్ ప్యానెల్‌లో రిజల్యూషన్ మార్చే పేజీ అడుగున అవుట్‌పుట్ డైనమిక్ రేంజ్ అన్న చోట ఫుల్ అని పెడితే సరిపోతుంది. రంగు ఫార్మాట్ ఆర్‌జీబీ అని ఉండాలి. పైసా ఖర్చు లేదు.

చీర రంగు ఎక్కడ మారింది

ఇవన్నీ సరిగ్గా ఉన్నా మానిటర్ దగ్గర కథ అడ్డం తిరగొచ్చు. చవక మానిటర్ల పెట్టె మీద ఒక్కోసారి 1.62 కోట్ల రంగులు అని రాసి ఉంటుంది. 1.67 కోట్లకూ దానికీ పెద్ద తేడా లేదనిపిస్తుంది గదా. నిజానికి ఆ ప్యానెల్ ఒక్కో రంగుకు 64 మెట్లే చూపగలదు, మిగతావి చుక్కను వేగంగా అటూ ఇటూ మినుకుమినుకుమనిపించి భ్రమ కల్పిస్తుంది. టీఎన్ రకం ప్యానెల్ అయితే తల కాస్త పైకెత్తితే ఒక రంగు, దించితే ఒక రంగు. అలాంటి తెర ముందు కూర్చుని ముఖాల రంగు దిద్దడం అన్యాయమైన పని. ఆ కుర్రాడి కంటిలో లోపమేమీ లేదు. ఐపీఎస్ ప్యానెల్, ఎస్‌ఆర్‌జీబీ నూటికి దాదాపు నూరు శాతం చూపేది కొనడం నా లెక్కలో మొదటి ఖర్చు. కార్డు రెండోది.

ఎస్‌ఆర్‌జీబీ అనేది 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి తెచ్చిన రంగుల కొలత. ఈ అంకెకు ఈ రంగు అని అందరూ ఒప్పుకున్న ఒప్పందం. మామూలు ఫోటో ల్యాబులు అడిగేది ఈ కొలతలోని ఫైలునే. మన పెళ్లిళ్ల రంగులు ఆ కొలత అంచుల మీద నడుస్తాయి. కుంకుమ, పారాణి, ఎర్ర పట్టుచీర మీద వీడియో లైటు పడితే ఎరుపు అంకె 255కు తగిలి అక్కడే ఆగిపోతుంది. అంతకు మించి ఎక్కడానికి మెట్టు లేదు కాబట్టి మడతలూ నేత గీతలూ కలిసిపోయి, చీర ఒక ఎర్ర ముద్దలా కనిపిస్తుంది. రాణి రంగు చీరలకూ ఇదే అవస్థ. వాటిలో కొన్ని ఎస్‌ఆర్‌జీబీ చూపగల హద్దు దాటి ఉంటాయి. ఏ కార్డూ పోయిన మడతను తిరిగి తేలేదు. కెమెరాలో రా ఫైలు తీసుకుని, ఎరుపును కాస్త దించి, వెలుగు తగ్గించి దిద్దితేనే చీరలో నేత కనబడుతుంది.

ఫ్లెక్సీ వేసేవాళ్లకు ఇంకో చిక్కు. తెర వెలుగుతో రంగు చూపిస్తుంది, ఫ్లెక్సీ మీద సిరా పరుచుకుంటుంది. తెర మీద మెరిసే చిలకపచ్చ సిరాలో దొరకదు. ఆ సంగతి ముందే చెబితే గొడవ ఉండదు. కార్డు మార్చి దాన్ని సాధిద్దామనుకుంటే డబ్బు దండగ.

ల్యాబ్ ప్రింట్లు నల్లగా వస్తున్నాయన్న ఫిర్యాదు మరీ ఎక్కువ. పది సందర్భాల్లో తొమ్మిదింట మానిటర్ బ్రైట్‌నెస్ వంద మీద ఉండటమే దానికి కారణమని నా నమ్మకం. వెనక గదిలో ఒక్క చిన్న లైటు, ఎదురుగా కళ్లు చెదిరే తెర. ఆ వెలుగులో అంతా తెల్లగానే కనిపిస్తుంది. సీజన్ ముందు ఒక 12×36 షీటు ప్రయోగంగా అచ్చు వేయించుకోండి. అందులో చామనఛాయ ముఖాలు, పసుపు, కుంకుమ, నల్ల సూటు, నలుపు నుంచి తెలుపుకు మెల్లగా మారే ఒక పట్టీ ఉండాలి. దాన్ని కిటికీ వెలుగులో తెర పక్కన పెట్టి, రెండూ దగ్గర పడేదాకా బ్రైట్‌నెస్ తగ్గించండి. పనులు ఎక్కువగా ఉన్న స్టూడియోలు తెర మీద పెట్టి రంగు కొలిచే క్యాలిబ్రేటర్ పరికరాన్ని నలుగురైదుగురు కలిసి కొనుక్కోవచ్చు. నెలకోసారి వాడే వస్తువది.

వరి ఆకు చెప్పే రంగు

రుద్రూర్ పేరు వ్యవసాయం చదివినవాళ్లకు బాగా తెలుసు. చెరకు, వరి పంటల మీద పనిచేసే ప్రాంతీయ పరిశోధన స్థానం ఇక్కడే ఉంది. వరి రైతుకు రంగు ఎంత ముఖ్యమో చెప్పడానికి ఒక్క ప్లాస్టిక్ పట్టీ చాలు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ప్రచారంలోకి తెచ్చిన ఆకు రంగు పట్టీ మీద లేత పచ్చ నుంచి ముదురు పచ్చ దాకా నాలుగు గళ్లుంటాయి. పూర్తిగా విచ్చుకున్న పై ఆకును, ఎండ పడకుండా మన నీడలో పెట్టి, ఆ గళ్లతో పోల్చాలి. ఆకు లేత గడి వైపు జారితే యూరియా వేయాలి, ముదురు గడితో కలిస్తే ఆగాలి. బస్తా యూరియా వేయాలా వద్దా అన్న నిర్ణయం రెండు పచ్చల మధ్య తేడా మీద నడుస్తోందన్నమాట.

ఇప్పుడు ఆ ఆకు ఫోటో వాట్సాప్‌లో వెళ్తోంది. ఫోన్ తనంతట తానే రంగు సర్దుతుంది. సాయంత్రం ఎండలో తీసిన ఆకును ఒకలా, మబ్బులో తీసినదాన్ని ఒకలా మారుస్తుంది. అవతల చూసే తెర పసుపు వైపు వాలితే నత్రజని లోపం లేకున్నా ఉన్నట్టే కనబడుతుంది. జింకు లోపానికీ అగ్గితెగులుకూ తేడా పట్టడానికి మచ్చల ఆకారంతో పాటు రంగూ చూడాలి. ఆకు పక్కన ఒక తెల్ల కాగితం పెట్టి ఫోటో తీస్తే, చూసేవాళ్లకు ఆ తెలుపు ఆధారంగా మిగతా రంగుల వాలు అర్థమవుతుంది. పెళ్లి చీరకు పనికొచ్చే ఉపాయమే పొలానికీ పనికొస్తుంది. నిజమైన రంగు చూపే తెర స్టూడియోవాళ్ల సరదా అనుకోవద్దని చెప్పడానికే ఇదంతా.

మరి కార్డు దేనికి?

కార్డు వద్దని నేను అనడం లేదు. దానితో చేయించుకోవాల్సిన పని వేరు. ఆల్బమ్‌లో ఒక 12×36 అంగుళాల షీటును 300 డీపీఐలో చేస్తే 3,600×10,800 చుక్కలు, అంటే 3.9 కోట్లు. ఒక్క పొరకే 11.7 కోట్ల బైట్లు, 16 బిట్లలో చేస్తే దానికి రెట్టింపు. పదిహేను పొరలు వేసి జూమ్ చేస్తూ తిప్పుతుంటే అదంతా తెర మీద జారకుండా కదలాలి. అక్కడ కార్డు కష్టపడుతుంది. చీకటి బరాత్ ఫోటోల్లో గింజలు తీసే ఏఐ డీనాయిస్‌ను అడోబీ 2023లో తెచ్చాక ఈ అవసరం ఇంకా పెరిగింది. మంచి కార్డు సెకన్లలో ముగించే ఫోటోకు, కార్డు లేని యంత్రం నిమిషాలు తీసుకుంటుంది. రెండు వందల ఫోటోలకు ఆ తేడా ఒక రాత్రి నిద్ర.

వీడియో మిక్సింగ్ చేసేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఎంచుకోవాలి. సోనీ ఏ7 ఫోర్ లాంటి కెమెరాలు 4:2:2 పద్ధతిలో 10 బిట్ల వీడియో తీస్తాయి. రంగు దిద్దడానికి ఎంతో మంచిది, కానీ ఆ ఫైలును విప్పడం అన్ని కార్డులకూ చేతకాదు. ఎన్విడియాలో 2025లో వచ్చిన 50 సిరీస్ నుంచే దానికి హార్డ్‌వేర్ తోడు దొరికింది. ఇంటెల్ వైపు 11వ తరం ప్రాసెసర్లలోని గ్రాఫిక్స్‌కే హెచ్‌ఈవీసీ ఫార్మాట్‌లోని 4:2:2 వీడియో విప్పడం వచ్చు. కాబట్టి వీడియో పని చేసేవాళ్లు ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ అన్న అక్షరం ఉన్నది కొనకూడదు. ఆ అక్షరం ఉంటే లోపలి గ్రాఫిక్స్ ఉండదు. కాస్త ధర తగ్గుతుందని ఎఫ్ ప్రాసెసర్ తీసుకుని, తర్వాత టైమ్‌లైన్ ఆగి ఆగి నడుస్తుంటే కొత్త కార్డు కోసం తిరగడం అనవసరపు బాధ.

10 బిట్ల రంగుకు ఒకప్పుడు క్వాడ్రో లాంటి ఖరీదైన కార్డులే దిక్కు. 2019 జులైలో ఎన్విడియా స్టూడియో డ్రైవర్ ద్వారా మామూలు జీఫోర్స్ కార్డుల్లోనూ ఫోటోషాప్‌కు ఆ వీలు కల్పించింది. ఒక్కో రంగుకు 256 మెట్ల చోట 1,024 మెట్లు. స్టేజీ వెనక ఊదా రంగు నుంచి నలుపుకు జారే లైట్లలో చారలు పడటం దీనివల్ల తగ్గుతుంది. మానిటర్ కూడా 10 బిట్లదై ఉండాలి, గేమ్ రెడీ డ్రైవర్ బదులు స్టూడియో డ్రైవర్ వేసుకోవడం మేలు.

పేర్లు అడిగితే నా అభిప్రాయం ఇది. పాస్‌పోర్టు ఫోటోలు, కార్డులు, చిన్న ఆల్బమ్‌లకు ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ చాలు, డబ్బు మానిటర్ మీద పెట్టండి. జీటీ 710, జీటీ 1030 జోలికి వెళ్లకండి. 1030లో వీడియో ఎన్‌కోడరే లేదు. పాత యంత్రం, చిన్న పవర్ సప్లై ఉన్నవాళ్లకు 2024లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ మోడల్ బాగా నప్పుతుంది. 70 వాట్లతో నడుస్తుంది, విడిగా కరెంటు తీగ అక్కర్లేదు, ఆఫీసుల నుంచి సెకండ్ హ్యాండ్‌గా వచ్చే సన్న క్యాబినెట్లకు సరిపోయే పొట్టి రకం కూడా ఉంది. ఇంటెల్ ఆర్క్ ఏ380 వీడియోకు చవకలో మేలైనది, అయితే రీసైజబుల్ బార్ అనే సదుపాయం లేని పాత మదర్‌బోర్డులో పెడితే పూర్తి బలం చూపదు. పని పెరిగి పెద్ద వీడియోలు దిగుతున్నవాళ్లు ఆర్‌టీఎక్స్ 5050, 5060 వైపు వెళ్లొచ్చు. వాటికి మంచి ఎస్‌ఎంపీఎస్, అంటే పవర్ సప్లై, ముందు కొనాలి. ఎండాకాలం వోల్టేజీ ఎలా ఊగుతుందో ఊళ్లో ఉన్నవాళ్లకు తెలుసు. పేరులేని ఎస్‌ఎంపీఎస్ మీద ఖరీదైన కార్డు పెట్టడం నాకు భయం.

సీటీసీ మెట్లెక్కే ముందు

కార్డు కోసం రుద్రూర్ నుంచి బోధన్, నిజామాబాద్ దాకా వెళ్లేవాళ్లున్నారు. రకాలు చూసి ఎంచుకోవాలంటే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరూ సీటీసీ అని పిలిచేది, ఇప్పటికీ పెద్ద దిక్కు. ఈ చిప్‌లు చేసే ఏఎండీకి హైదరాబాద్‌లో డిజైన్ కేంద్రం ఉంది, ఎన్విడియాకు కార్యాలయం ఉంది. అంటే ఆ కార్డు మీది కొన్ని గీతలు మనవాళ్ల చేతి మీదుగానే పోయి ఉంటాయి. తలుచుకుంటే సంతోషంగా ఉంటుంది.

సెకండ్ హ్యాండ్ కార్డుల దగ్గర మాత్రం కళ్లు తెరిచి ఉండాలి. 2022 సెప్టెంబర్ 15న ఎథీరియం అనే క్రిప్టో నాణెం తన పద్ధతి మార్చుకోవడంతో కార్డులతో దాన్ని తవ్వే పని ఆగిపోయింది. రాత్రింబవళ్లు వేడిలో నడిచిన కార్డులు ప్రపంచమంతటా సంతల్లోకి వచ్చాయి. అన్నీ చెడ్డవని చెప్పలేం గానీ, ఫ్యాన్లు అరిగి, మెమరీ చిప్‌ల మీది ప్యాడ్లు ఎండి ఉంటాయి. అంతకన్నా ప్రమాదం నకిలీవి. 2010 నాటి జీటీఎస్ 450 చిప్‌కు బయోస్ మార్చి జీటీఎక్స్ 1050 టీఐ అని అమ్మిన బాపతు ఎన్నో బయటపడ్డాయి. విండోస్ కూడా ఆ అబద్ధపు పేరునే చూపిస్తుంది. జీపీయూ-జడ్ అనే ఉచిత ప్రోగ్రాం ఇలాంటి కార్డుల పేరు ముందు ఫేక్ అని చూపించడం 2018లో మొదలుపెట్టింది. పెన్ డ్రైవ్‌లో దాన్ని వేసుకుని వెళ్లండి. డబ్బు లెక్కపెట్టే ముందే షాపులోని యంత్రంలో కార్డు పెట్టించి చూడండి. కొత్త కార్డు అయినా సరే, పెట్టె అక్కడే విప్పించండి. కార్డు మీది సీరియల్ నంబరూ పెట్టె మీదిదీ ఒకటేనా చూడండి. డిస్‌ప్లేపోర్ట్, హెచ్‌డీఎంఐ సాకెట్లన్నీ ఒకసారి తగిలించి చూడండి. రుద్రూర్ తిరిగొచ్చాక ఒక సాకెట్ పనిచేయడం లేదని తెలిస్తే, మళ్లీ సికింద్రాబాద్ పోవడానికి ఒక పనిదినం పోతుంది.

బిల్లు లేకపోతే జీఎస్టీ 18 శాతం తగ్గుతుందని ఆశపెడతారు, ఒప్పుకోవద్దు. మూడేళ్ల వారంటీ ఆ బిల్లు మీదా, దాని మీద రాసిన సీరియల్ నంబరు మీదా నడుస్తుంది. ఏ కంపెనీ కార్డయినా దాని సర్వీస్ సెంటర్ హైదరాబాద్‌లో ఉందా, పార్సెల్‌లో పంపాలా అన్నది కొనే రోజే అడిగి తెలుసుకోవాలి. బిల్లు థర్మల్ కాగితం మీద ఇస్తే దారిలోనే ఫోటో తీసి పెట్టుకోండి, వారంటీ ముగియకముందే దాని మీది అక్షరాలు చెరిగిపోతాయి.